కొత్త బ్రౌజర్, పాత కంప్యూటర్: వేగం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది

క్లుప్తంగా

బ్రౌజర్ కొత్త వెర్షన్లు పేజీని సిద్ధం చేసి తెరపై చూపే పనిని నిజంగానే వేగంగా చేస్తాయి. అయితే ఆ వేగంలో చాలా భాగం అదనపు మెమరీని (ర్యామ్), ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలైన కోర్లను ఎక్కువగా, గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకోవడం వల్ల వస్తుంది. ప్రాసెసర్ పాతదైనా మెమరీ చాలినంత ఉంటే అప్‌గ్రేడ్ సాధారణంగా లాభమే. మెమరీ ఇప్పటికే అంచున ఉండి, లోపల తిరిగే రకం హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం అదే అప్‌గ్రేడ్ కంప్యూటర్‌ను నత్తనడకకు తెస్తుంది. పాత వెర్షన్‌నే పట్టుకుని కూర్చుంటే భద్రత పోతుంది, కొంతకాలానికి వేగం కూడా దక్కదు.

పదేళ్ల కిందటి రెండు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఒకే బ్రౌజర్, ఒకే కొత్త వెర్షన్. అప్‌గ్రేడ్ తర్వాత ఒకదానిలో పేజీలు చకచకా తెరుచుకుంటాయి. రెండోదానిలో మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతుంది, డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. కొత్త వెర్షన్ మరింత వేగవంతమన్న కంపెనీ ప్రకటన, అప్‌గ్రేడ్ చేశాక కంప్యూటర్ మొరాయిస్తోందన్న ఫిర్యాదు చాలాసార్లు రెండూ నిజమే. తేడా అంతా ఆ కంప్యూటర్‌లో దేనికి కొరత ఉందన్న దగ్గర వస్తుంది.

నెలకో వెర్షన్, నింద మాత్రం ఒకరిపైనే

ఒకప్పుడు బ్రౌజర్ వెర్షన్ మారడం ఏళ్లకోసారి జరిగే పని. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. 7 రావడానికి 2006 దాకా పట్టింది. 2008లో వచ్చిన క్రోమ్, వినియోగదారును అడగకుండా తనంతట తానే అప్‌డేట్ అయ్యే పద్ధతిని అలవాటు చేసింది. 2011లో ఫైర్‌ఫాక్స్ కూడా తరచూ వెర్షన్లు విడుదల చేసే దారి పట్టింది. ఆరు వారాలుగా సాగిన ఆ వ్యవధిని 2020లో ఫైర్‌ఫాక్స్, 2021లో క్రోమ్ నాలుగు వారాలకు కుదించాయి.

దీనివల్ల కారణాన్ని పట్టుకోవడం కష్టమైంది. కంప్యూటర్ ఏ రోజు నెమ్మదించినా, ఆ రోజుకు కాస్త అటో ఇటో ఒక బ్రౌజర్ అప్‌డేట్ దొరుకుతుంది. అదే వారంలో ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్ వచ్చి ఉండవచ్చు, యాంటీవైరస్ మారి ఉండవచ్చు, రోజూ చూసే వెబ్‌సైటే కొత్త రూపం తొడుక్కుని ఉండవచ్చు. 2018 జనవరి ఇందుకు మంచి ఉదాహరణ. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక ఆపరేటింగ్ సిస్టమ్‌లు, బ్రౌజర్లు దాదాపు ఒకేసారి రక్షణ చర్యలు తీసుకున్నాయి. 2015 నాటి, అంతకు ముందటి ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో నెమ్మదితనం కనిపించవచ్చని మైక్రోసాఫ్ట్ అప్పుడే చెప్పింది. ఆ రోజుల్లో బ్రౌజర్‌పై పడిన నిందలో కొంత వాటా ప్రాసెసర్‌కు, విండోస్‌కు చెందాల్సింది.

వేగాన్ని మెమరీతో కొనడం

పాత బ్రౌజర్లలో ట్యాబ్‌లన్నీ ఒకే ప్రాసెస్‌లో, అంటే తనకంటూ విడి మెమరీ ఉన్న ఒకే ప్రోగ్రామ్‌గా నడిచేవి. ఒక పేజీ బిగుసుకుపోతే బ్రౌజర్ మొత్తం బిగుసుకుపోయేది. క్రోమ్ మొదటి నుంచీ ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టింది. ఫైర్‌ఫాక్స్ 2016లో 48వ వెర్షన్‌తో ఈ మార్పు మొదలుపెట్టి, 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్ నాటికి నాలుగు కంటెంట్ ప్రాసెస్‌లకు చేరింది. 2019లో ఆ సంఖ్యను ఎనిమిది చేసింది.

ప్రాసెస్ పెరిగిన ప్రతిసారీ కొంత సామగ్రి మళ్లీ మొదటి నుంచి సమకూర్చుకోవాలి. పేజీల్లోని స్క్రిప్ట్‌లను నడిపే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌కు విడిగా చోటు కావాలి, ఫాంట్ల సమాచారానికి చోటు కావాలి, బొమ్మలను విప్పి ఉంచడానికి చోటు కావాలి. ఒకే వంటింట్లో వండుకునే ఉమ్మడి కుటుంబం వేరుపడితే ప్రతి ఇంటికీ పొయ్యి, గిన్నెలు వేరుగా కావాల్సినట్టే ఇదీ. గొడవ తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

భద్రత కోసం ఈ విభజన ఇంకా ముందుకు వెళ్లింది. ఒకే ట్యాబ్‌లో కనిపించే పేజీలో కూడా వేర్వేరు సైట్ల నుంచి వచ్చిన భాగాలను వేర్వేరు ప్రాసెస్‌లలో ఉంచే పద్ధతిని సైట్ ఐసొలేషన్ అంటారు. ఒక సైటు స్క్రిప్ట్, పక్కనే ఉన్న బ్యాంకు పేజీ మెమరీలోకి తొంగిచూడకుండా ఆపడం దీని ఉద్దేశం. స్పెక్టర్ తర్వాత ఇది తప్పనిసరి అయింది. 2018లో క్రోమ్ 67తో డెస్క్‌టాప్ వినియోగదారులకు దీన్ని అమలు చేసినప్పుడు, మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ స్వయంగా ప్రకటించింది. ఆండ్రాయిడ్‌లో మాత్రం మొదట 2 జీబీ, అంతకు మించి ర్యామ్ ఉన్న ఫోన్లకే దీన్ని పరిమితం చేసింది. మెమరీ తక్కువ ఉన్న పరికరం ఈ బరువు మోయలేదన్న సంగతి తయారీదారులకూ తెలుసన్నమాట.

జావాస్క్రిప్ట్ ఇంజిన్లదీ ఇలాంటి బేరమే. క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ ఒక స్క్రిప్ట్‌ను మొదట సాదాసీదాగా నడుపుతుంది. అందులో పదేపదే నడిచే భాగాలను గమనించి, వాటిని ప్రాసెసర్ నేరుగా నడపగల కోడ్‌గా మారుస్తుంది. ఈ మార్పు అంచెలంచెలుగా జరుగుతుంది. 2017లో ఇగ్నిషన్, టర్బోఫ్యాన్ అనే రెండు అంచెలు స్థిరపడ్డాయి. మధ్యలో 2021లో స్పార్క్‌ప్లగ్, 2023లో మాగ్లెవ్ చేరాయి. పై అంచెకు వెళ్లేకొద్దీ తయారయ్యే కోడ్ వేగం పెరుగుతుంది, దాన్ని తయారు చేయడానికి పట్టే శ్రమ కూడా పెరుగుతుంది. ఆ శ్రమను ఇంజిన్ వీలైనంతవరకు పక్క కోర్లపై, తెర వెనుక చేయిస్తుంది. నాలుగైదు కోర్లు ఖాళీగా ఉన్నచోట ఆ పని ఎవరికీ కనిపించదు. రెండే కోర్లున్న చోట పేజీతో పాటు వరుసలో నిలబడుతుంది.

అలాగని ప్రతి కొత్త వెర్షనూ మెమరీని మింగుతుందని అనుకోవడం పొరపాటు. ఇగ్నిషన్‌ను తెచ్చినప్పటి లక్ష్యాల్లో తక్కువ మెమరీ ఉన్న పరికరాలకు మేలు చేయడం ఒకటి. 2020లో వచ్చిన పాయింటర్ కంప్రెషన్, 64 బిట్ క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌కు కావాల్సిన మెమరీని చెప్పుకోదగినంతగా తగ్గించింది. ఒక వెర్షన్‌లో పెరిగింది మరో వెర్షన్‌లో తగ్గుతుంటుంది. పదేళ్ల మొత్తాన్ని చూస్తే పెరుగుదలదే పైచేయి.

అంచు దాటిన క్షణం

మరి 10, 13 శాతం పెరుగుదలకే కంప్యూటర్ ఎందుకు కదలకుండా పోతుంది? మెమరీ కొరత మెల్లగా కాక ఒక్కసారిగా దెబ్బకొడుతుంది గనుక.

4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌ను తీసుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్, యాంటీవైరస్, బ్రౌజర్ ప్రధాన ప్రాసెస్ కలిపి కొంత తీసుకోగా ట్యాబ్‌లకు 1,400 మెగాబైట్లు మిగిలాయనుకుందాం. ఒక్కో పేజీకి 150 మెగాబైట్ల చొప్పున తొమ్మిది ట్యాబ్‌లకు 1,350. బొటాబొటిగా సరిపోయింది. అప్‌గ్రేడ్ తర్వాత అవే ట్యాబ్‌లకు 12 శాతం ఎక్కువ కావాలంటే 1,512 మెగాబైట్లు. అంటే 112 మెగాబైట్లు తక్కువ పడ్డాయి. 8 జీబీ ఉన్న కంప్యూటర్‌లో ఈ తేడాను ఎవరూ గమనించరు.

తక్కువ పడిన మేరకు ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లోని కొంత సమాచారాన్ని డిస్కు మీదికి దించుతుంది. ఆ ట్యాబ్‌ను నొక్కగానే దాన్ని తిరిగి పైకి తేవాలి. ర్యామ్ నుంచి ఒక అంశాన్ని అందుకోవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే డిస్కులో సూది సరైన చోటికి చేరడానికి సెకనులో వందో వంతు పడుతుంది. రెండింటి మధ్య తేడా సుమారు లక్ష రెట్లు. మెమరీ 4 కిలోబైట్ల పేజీలుగా విడగొట్టి ఉంటుంది. 100 మెగాబైట్లు డిస్కుపై చెల్లాచెదురుగా పడి ఉంటే 25,600 ముక్కలు ఏరాలి. సెకనుకు వంద చొప్పున ఏరితే నాలుగు నిమిషాలు దాటుతుంది. పక్కపక్కన ఉన్న ముక్కలను గుంపుగా తెస్తారు కాబట్టి ఆచరణలో అంత పట్టదు. అయినా వేలు నొక్కి పట్టుకుని ఎదురుచూసేంత సేపు పడుతుంది. తిరిగే భాగాలు లేని డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో ఇదే పని ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. అప్‌గ్రేడ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో తిరిగే డిస్కు ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా కనిపించడంలో వింత లేదు.

బ్రౌజర్ తయారీదారులు దీనికి విరుగుడు కూడా అప్‌గ్రేడ్‌లలోనే పంపారు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే సౌకర్యం 2021లో ఎడ్జ్‌లో వచ్చింది. మెమరీ తగ్గినప్పుడు ట్యాబ్‌లను దించేసే ఏర్పాటును ఫైర్‌ఫాక్స్ అదే ఏడాది 93వ వెర్షన్‌లో విండోస్‌కు తెచ్చింది. క్రోమ్ 2022 డిసెంబరులో మెమరీ సేవర్‌ను ప్రవేశపెట్టింది. దించేసిన ట్యాబ్‌ను మళ్లీ నొక్కితే పేజీ నెట్ నుంచి తిరిగి లోడ్ అవుతుంది. కనెక్షన్ బాగుంటే ఇది డిస్కు నుంచి లాక్కురావడం కన్నా నయం. కనెక్షన్ అంతంతమాత్రమే అయితే ఒక నిరీక్షణ పోయి మరొకటి వచ్చినట్టే.

పేజీల బరువు

బ్రౌజర్‌ను మార్చకుండా ఉంచితే కంప్యూటర్ వేగం కూడా మారకుండా ఉంటుందని చాలామంది ఆశిస్తారు. కానీ పేజీలు మారతాయి. 2022 నాటికి డెస్క్‌టాప్‌కు వచ్చే మధ్యస్థ స్థాయి పేజీ బరువు సుమారు 2.3 మెగాబైట్లు. అందులో జావాస్క్రిప్టే దాదాపు 500 కిలోబైట్లు, అదీ కుదించి పంపినప్పటి లెక్క. విప్పాక అది కొన్ని రెట్లవుతుంది. దాన్నంతా చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. బొమ్మ పెద్దదైతే దిగుమతి ఆలస్యమవుతుంది, స్క్రిప్ట్ పెద్దదైతే ప్రాసెసర్ అలసిపోతుంది. పాత కంప్యూటర్‌కు ఈ రెండోదే గట్టి దెబ్బ.

ఇక్కడ కొత్త బ్రౌజర్‌దే పైచేయి. అవసరం పడని స్క్రిప్ట్ భాగాలను చదవకుండా వాయిదా వేయడం, ఒకసారి సిద్ధం చేసిన కోడ్‌ను డిస్కులో దాచుకుని మరుసటిసారి వాడుకోవడం లాంటి ఉపాయాలు ఏటేటా మెరుగవుతున్నాయి. పైగా కొత్త సౌకర్యాలు లేని బ్రౌజర్ల కోసం చాలా సైట్లు పూరక స్క్రిప్ట్‌లను అదనంగా పంపుతాయి. పాత బ్రౌజర్‌కు అందే పేజీయే బరువైనది అన్నమాట. కంప్యూటర్లు నెట్‌లో మాట్లాడుకునే నియమాలైన ప్రోటోకాల్స్ విషయమూ ఇంతే. 2018లో ఖరారైన టీఎల్‌ఎస్ 1.3 సురక్షిత కనెక్షన్ ఏర్పడటానికి కావాల్సిన రాకపోకల్లో ఒకటి తగ్గించింది. అది తెలియని బ్రౌజర్ ఆ లాభాన్ని వదులుకోవాల్సిందే.

వేగ పరీక్షల అంకెలను ఈ సందర్భంలో కాస్త అనుమానంగానే చూడాలి. ఆక్టేన్ అనే ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ పరీక్షను దాన్ని తయారు చేసిన గూగులే 2017లో పక్కనపెట్టింది. ఆ పరీక్షలో మార్కులు పెంచే మార్పులు నిజమైన పేజీలకు ఉపయోగపడకపోగా, కొన్నిసార్లు హాని చేస్తున్నాయని తేలడమే కారణం. ఇప్పుడు వాడుకలో ఉన్న స్పీడోమీటర్ నిజమైన వెబ్ అప్లికేషన్లకు దగ్గరగా ఉంటుంది. అయినా అది ఒకే ట్యాబ్‌లో నడుస్తుంది, మెమరీ నిండిపోయిన కంప్యూటర్ ఎలా నడుస్తుందో చెప్పదు.

వీడియోది వేరే లెక్క

పేజీలన్నీ వేగంగా తెరుచుకుంటూ, వీడియో మాత్రం అప్‌గ్రేడ్ తర్వాత తడబడితే కారణం తరచూ కోడెక్‌లో ఉంటుంది. వీడియోను కుదించే పద్ధతుల్లో హెచ్.264 పాతది. పదేళ్లు దాటిన గ్రాఫిక్స్ చిప్‌లు కూడా దాన్ని సునాయాసంగా విప్పుతాయి. దాని తర్వాత వచ్చిన వీపీ9ను పూర్తిగా చిప్‌లోనే విప్పే ఏర్పాటు ఇంటెల్ ప్రాసెసర్లలో ఏడో తరంతో వచ్చింది. ఇంకా కొత్తదైన ఏవీ1కు పదకొండో తరం దాకా ఆగాల్సి వచ్చింది. బ్రౌజర్లు మాత్రం ఏవీ1ను సాఫ్ట్‌వేర్‌తో విప్పే శక్తిని 2018, 2019లలోనే సంపాదించాయి. కొత్త బ్రౌజర్ తనకు ఏవీ1 వచ్చని చెబితే, సైటు తన డేటా ఖర్చు తగ్గించుకోవడానికి దాన్నే పంపవచ్చు. విప్పే భారమంతా పాత ప్రాసెసర్‌పై పడి ఫ్యాను హోరెత్తుతుంది.

యూట్యూబ్‌లో దీన్ని కళ్లారా చూడవచ్చు. నడుస్తున్న వీడియోపై రైట్ క్లిక్ చేసి, జాబితా చివరనున్న ‘స్టాట్స్ ఫర్ నర్డ్స్’ నొక్కితే చిన్న పట్టిక వస్తుంది. కోడెక్ వరుసలో ‘ఏవీ01’ అని మొదలైతే ఏవీ1, ‘వీపీ09’ అయితే వీపీ9, ‘ఏవీసీ1’ అయితే హెచ్.264. పై వరుసలో తెరపైకి రాకుండా జారిపోయిన ఫ్రేముల సంఖ్య పెరుగుతూ పోతుంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం. సైటును హెచ్.264కే పరిమితం చేసే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉన్నాయి. అలాంటి కంప్యూటర్లకు అవి బాగా ఉపయోగపడతాయి.

గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌తో ఇంకో చిక్కుంది. పాత డ్రైవర్లలో కొన్ని బ్రౌజర్‌ను కూలుస్తాయి కాబట్టి, వాటిని తయారీదారులు నిషేధ జాబితాలో పెడతారు. కంప్యూటర్ డ్రైవర్ ఆ జాబితాలోకి చేరిన వెర్షన్ నుంచి పేజీ గీసే పని మొత్తం ప్రాసెసర్‌కు బదిలీ అవుతుంది. స్క్రోల్ చేస్తుంటే పేజీ కుదుపులతో కదలడం దీని ఆనవాలు.

మొదటి రోజు నెమ్మదితనం

అప్‌గ్రేడ్ చేసిన వెంటనే కనిపించే నెమ్మదితనంలో కొంత తాత్కాలికం. వెర్షన్ మారగానే దాచి ఉంచిన కోడ్ చెల్లదు, మళ్లీ తయారు కావాలి. చరిత్ర, బుక్‌మార్కుల డేటాబేసులు కొత్త రూపంలోకి మారాల్సి రావచ్చు. కొత్త ఫైళ్లను యాంటీవైరస్ మొదటిసారి చూస్తోంది కాబట్టి ఒక్కొక్కటీ తనిఖీ చేస్తుంది. తిరిగే డిస్కుపై ఇవన్నీ ఒకేసారి పడితే మూలిగే నక్కపై తాటికాయ పడ్డట్టే. ఒకటి రెండు రోజుల వాడకం తర్వాత ఇది సర్దుకుంటుంది.

సర్దుకోనిది ఎక్స్‌టెన్షన్ల సంగతి. క్రోమ్ 2024, 2025లలో మ్యానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిపై నడిచే ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపేసింది. ప్రకటనలను సమర్థంగా అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వాటిలో ఒకటి. దాని స్థానంలో మరొకటి పెట్టుకోకపోతే, ఇన్నాళ్లూ ఆగిపోయిన ప్రకటన స్క్రిప్ట్‌లన్నీ తిరిగొస్తాయి. బ్రౌజర్ ఇంజిన్ ఎంత మెరుగైనా పేజీ బరువెక్కి, ఆ బరువు అప్‌గ్రేడ్ ఖాతాలో పడుతుంది.

దారి మూసుకుపోయే చోటు

కొన్ని కంప్యూటర్లకు అసలు ఎంపికే లేదు. విండోస్ ఎక్స్‌పీ, విస్టాలకు క్రోమ్ 49 చివరిది. విండోస్ 7, 8.1లకు 2023 జనవరిలో వచ్చిన 109 చివరిది. ఫైర్‌ఫాక్స్ వాటి కోసం 115 ఈఎస్ఆర్ అనే దీర్ఘకాలిక వెర్షన్‌ను కొనసాగిస్తూ గడువును పలుమార్లు పొడిగించింది. ప్రాసెసర్ల వైపు నుంచీ గీత ఉంది. ఎస్‌ఎస్‌ఈ3 అనే సూచనల సమితి లేని ప్రాసెసర్లపై 2021లో వచ్చిన క్రోమ్ 89 నుంచి ఆ బ్రౌజర్ నడవదు.

పాత వెర్షన్‌లో ఉండిపోతే భద్రతా లోపాలు మూతపడకుండా మిగులుతాయన్నది తెలిసిన విషయమే. అంతగా తెలియనిది సర్టిఫికెట్ల గడువు. ఎక్స్‌టెన్షన్లు అసలైనవేనని బ్రౌజర్ సరిచూసుకోవడానికి వాడే, ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా మూల సర్టిఫికెట్ ఒకటి 2025 మార్చి 14న గడువు తీరింది. 128 కన్నా పాత ఫైర్‌ఫాక్స్‌లలో, 115.13 కన్నా పాత ఈఎస్ఆర్‌లలో ఎక్స్‌టెన్షన్లు పనిచేయకపోయే పరిస్థితి వచ్చింది. వేగం కోసం అప్‌గ్రేడ్‌ను ఆపుకున్నవారి ప్రకటన నిరోధకమే అలా ఆగిపోయింది.

కొరత ఎక్కడుందో చూడటం

విండోస్ టాస్క్ మేనేజర్‌లో మూడు వరుసలు చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది. మెమరీ 90 శాతం దాటి, డిస్కు 100 దగ్గరే నిలిచిపోతే కొరత మెమరీది. డిస్కు ఖాళీగా ఉండి ప్రాసెసర్ మాత్రమే నిండిపోతే స్క్రిప్టో వీడియోనో కారణం. ఏ ట్యాబ్ ఎంత తింటోందో చూడాలంటే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలోనూ అలాంటిదే ఉంది. ట్యాబ్‌ల కన్నా ఒక ఎక్స్‌టెన్షనే ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

ఒక బ్రౌజర్‌తో విసిగి మరొకదానికి మారడం వల్ల వచ్చే తేడా సాధారణంగా ఊహించినంత ఉండదు. ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి అన్నీ క్రోమ్‌కు మూలమైన క్రోమియంపైనే నిర్మించినవి. నిద్రపుచ్చే పద్ధతిలో, ప్రకటనలను ఆపే తీరులో ఉండే తేడాలే వాటిని వేరు చేస్తాయి. 4 జీబీని 8 చేయడం, తిరిగే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం వల్ల వచ్చే మార్పు వీటన్నిటికన్నా పెద్దది. పలుచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో మెమరీని బోర్డుకే అతికించి ఇస్తారు, పెంచడం కుదరదు. వాటిలో బ్రౌజర్‌ను కొత్తగానే ఉంచి, మెమరీ సేవర్‌ను గరిష్ఠ స్థాయికి పెట్టి, తెరిచి ఉంచే ట్యాబ్‌లను ఐదారుకు తగ్గించుకుంటే పైన చెప్పిన 112 మెగాబైట్ల లోటు రాదు.